ఒక్క రోజులో 2,222 బాప్తిస్మాలు: లెక్క కుదురుతుందా?

సండేస్కూల్_అక్క
మా సంఘంలో ఈ నెల యువజన కూటానికి "గతించిన దైవజనులు" అని టాపిక్ ఇచ్చి నా నెత్తిన పెట్టారు. చిన్నప్పట్నుంచీ వింటున్నదే కదా అని ఒంగోల్లో పనిచేసిన అమెరికా మిషనరీ క్లౌ దొరగారి కథ ఎత్తుకున్నాను. 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం అన్నానో లేదో, తొమ్మిదో తరగతి పిల్లాడు ఫోన్ తీశాడు. "అక్కా, మనిషికి ఒక్క నిమిషం వేసుకున్నా 37 గంటలు. రోజుకి 24 గంటలే కదా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నోట మాట రాలేదు. వెనక కూర్చున్న పెద్దాయన ఒకరు "దేవుని కార్యాలకి లెక్కలేంట్రా" అని వాణ్ణి గదమాయించి కూర్చోబెట్టారు.

ఇంటికొచ్చాక బాధేసింది. వాడు అడిగినదాంట్లో తప్పేముంది? మనమే ఈ కథలన్నీ సగం సగం చెప్పుకుంటున్నామా? వచ్చే ఆదివారం మళ్ళీ నాదే వంతు. ఎవరికైనా అసలు సంగతి తెలిస్తే చెప్పండి.

లెక్కలమాస్టారు
ముందు ఆ పిల్లాడికి నా తరఫున ఒక పెన్ను కొనివ్వండి. వాడి గుణకారం తప్పు కాదు, అనుకున్న షరతే తప్పు. ఇచ్చింది ఒక్క మనిషేనని వాడికి ఎవరు చెప్పారు?

సండేస్కూల్_అక్క
నేనే చెప్పాను మాస్టారూ. "క్లౌ దొర 2,222 మందికి ఇచ్చాడు" అన్నాను. అలాగే విన్నాను మరి.

టీకొట్టు_తాతబ్బాయి
మా పాస్టర్‌గారు పదిమందికి ఇచ్చి నడుం పట్టేసిందని వారం సెలవు పెట్టారు. ఇక 2,222 అంటే ఆయన్ని కూడా అదే నీళ్ళలో వదిలేయాల్సిందే.

గుండ్లకమ్మ_గట్టు
మాది మద్దిపాడు పక్క ఊరు, నాకు ఇది ఇంటి కథ. పూర్తిగా చెప్తాను, కాస్త పెద్దదవుతుంది.

జరిగింది ఒంగోల్లో కాదు. ఒంగోలుకి ఉత్తరాన పది మైళ్ళలో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లి దగ్గర. పొద్దున ఆరింటికి మొదలైంది. నీళ్ళలో నిలబడింది ఇద్దరేసి బోధకులు. వాళ్ళు అలిసిపోతే ఇంకో ఇద్దరు దిగేవాళ్ళు. అలా మొత్తం ఆరుగురు, ఆరుగురూ తెలుగువాళ్ళే. గట్టు మీద గుమస్తాలు కూర్చుని జాబితా చూసి పేర్లు పిలుస్తుంటే ఒక్కొక్కరే దిగారు. పదకొండింటికి ఎండ ముదిరిందని ఆపారు. మళ్ళీ రెండింటికి మొదలుపెట్టి అయిదింటికల్లా ముగించారు.

క్లౌ దొర ఆ రోజు ఒక్కరికి కూడా ఇవ్వలేదు. గట్టు మీదుండి ఏర్పాట్లు చూసుకున్నాడు. ఈ మాట మా ఊళ్ళో చెప్తే ఇప్పటికీ కొందరు నమ్మరు. దొర లేకుండా బాప్తిస్మం ఏంటంటారు.

లెక్కలమాస్టారు
అయితే ఇప్పుడు వేయండి. ఆరు నుంచి పదకొండు అయిదు గంటలు, రెండు నుంచి అయిదు మూడు గంటలు. మొత్తం ఎనిమిది గంటలు, అంటే 28,800 సెకన్లు. ఇద్దరేసి ఇస్తున్నారు కాబట్టి ఒక్కొక్క బోధకుడి వాటాకి 1,111 మంది. మనిషికి సుమారు 26 సెకన్లు.

బొటాబొటీ లెక్కే గానీ అసాధ్యం కాదు.

ప్రశ్నార్థకం
26 సెకన్లలో బాప్తిస్మం ఏంటండీ, ఏటీఎంలో డబ్బులు తీయడానికే నిమిషం పడుతుంది.

పాస్టరుకొడుకు_3
ఏటీఎంలో పిన్ను మర్చిపోతారు కాబట్టి.

నాన్నగారి వెనక తువ్వాళ్ళు పట్టుకుని నిలబడిన అనుభవం మీద చెప్తున్నా. టైం తినేది ముంచడం కాదు. ప్రసంగం, సాక్ష్యాలు, ఫొటోలు, చీర కొంగు సర్దుకోవడం, "బ్రదర్ కొంచెం ఇటు తిరగండి" అనే వీడియో అన్న. ఇవన్నీ తీసేసి, వచ్చేవాళ్ళు ముందే నీళ్ళలో వరసలో నిలబడి ఉంటే, ఒక మాట పలికి ముంచి లేపడానికి 15 సెకన్లు చాలు. నేను టైం చూశాను కూడా (ప్రార్థనలో ఉండాల్సినప్పుడు వాచీ చూసినందుకు నాన్న క్షమించాలి).

నాస్తికరావు
లెక్క కుదిరింది, సంతోషం. అసలు ప్రశ్న అది కాదు కదా. 1876 నుంచి 78 దాకా కరువు. కడుపు మాడుతున్న జనం, చేతిలో గింజలున్న మిషనరీ. అలాంటప్పుడు 2,222 ఏంటి, 22 వేల మందైనా వస్తారు. దీన్ని గొప్ప బోధకుడి ప్రభావం అంటే ఎలా? నేను ఎవర్నీ నొప్పించడానికి అనట్లేదు, కానీ ఈ కోణం లేకుండా పిల్లలకి చెప్తే అది కథే అవుతుంది, చరిత్ర కాదు.

టీకొట్టు_తాతబ్బాయి
వచ్చారండీ. ఇంకా రాలేదేంటా అనుకుంటున్నా.

పాతపుస్తకం
నాస్తికరావు గారిది న్యాయమైన ప్రశ్నే. క్లౌకి కూడా అదే భయం ఉండేది, ఆయన చేసిన పని చూస్తే తెలుస్తుంది.

కరువులో, మా అమ్మమ్మ వాళ్ళు "ధాత కరువు" అనేవాళ్ళు, ప్రభుత్వం పనులు పెట్టింది. మన వైపు పెద్ద పని బకింగ్‌హామ్ కాలువ తవ్వకం. (ఆ పేరు కూడా అప్పుడే వచ్చింది, అప్పటి మద్రాసు గవర్నరు పేరు మీద.) సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర 1877లో కూలి తగ్గించేశాడు. రోజంతా తవ్విన మగమనిషికి ఒక పౌను గింజలు, ఒక అణా. క్లౌ అమెరికాలో ఉన్నప్పుడు సర్వేయరు పని చేసినవాడు, తవ్వకం లెక్కలు ఆయనకి కొట్టిన పిండి. కాలువలో కొన్ని మైళ్ళ ముక్కని తానే కాంట్రాక్టు పట్టి, వేలమందికి పని ఇచ్చాడు. మేస్త్రీలుగా పెట్టింది తన బోధకుల్నే. మధ్యాహ్నం పూట పని ఆపి కూర్చున్నప్పుడు "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా" అనే వాక్యం చెప్పేవాళ్ళట. మట్టి తట్ట మోస్తున్నవాడికి ఆ మాట ఎలా తగిలి ఉంటుందో మీరే ఊహించుకోండి.

ముఖ్యమైంది ఇది: కరువు పని నడిచినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. ఏడాది పైనే. అడిగినవాళ్ళని కూడా ఆగమన్నాడు, ఎందుకంటే రేపు ఎవరో ఒకరు మీరన్న మాటే అంటారని. 1878 జూన్‌లో సాయం డబ్బు అయిపోయాక క్రైస్తవుల్ని మాత్రమే వెల్లంపల్లి రమ్మని కబురు పెడితే, కానివాళ్ళు కూడా వేలల్లో వచ్చారు. "కాలువ అయిపోయింది, నా దగ్గర ఇంక డబ్బు లేదు, ఇళ్ళకి వెళ్ళండి" అన్నాడు. "డబ్బు కోసం రాలేదు, కష్టం చేసుకుని బతుకుతాం, బాప్తిస్మం ఇవ్వండి" అన్నారు వాళ్ళు. అప్పుడు మొదలైంది జూలై 3. ఆ ఏడాది చివరికి 9 వేలు దాటింది.

నాస్తికరావు
బాప్తిస్మాలు ఆపిన సంగతి నాకు తెలీదు. ఒప్పుకుంటా. కానీ "నా దగ్గర డబ్బు లేదు" అన్నాక కూడా, రేపు ఇంకో కరువు వస్తే ఈయనే దిక్కు అనే ఆలోచన జనానికి ఉండదా? పైగా ఈ సంభాషణ మనకి తెలిసింది కూడా మిషన్ వాళ్ళ రాతల నుంచే కదా.

పాతపుస్తకం
ఉండొచ్చు. మిషన్ రాతలే అన్నది కూడా నిజం. ఆకలి, కృతజ్ఞత, నమ్మకం మూడూ ఒకే మనిషిలో ఉండకూడదని ఎక్కడా లేదుగా. నేను మా పెళ్ళి సంబంధం ఒప్పుకున్నప్పుడు కూడా మూడు కారణాలున్నాయి, ఒకటి వాళ్ళింట్లో వంట.

మాదిగపల్లె_మాస్టర్స్
మీరంతా కడుపు గురించే మాట్లాడుతున్నారు. పరువు గురించి ఒక్కరూ అనలేదు.

మా ముత్తాతల ఊళ్ళో చచ్చిన గొడ్డుని మోసుకెళ్ళాలి, జాతరకి డప్పు కొట్టాలి, కరణం పిలిస్తే వెట్టికి పోవాలి. బాప్తిస్మం తీసుకున్నాక మొదట వచ్చిన గొడవలు ఇవే: వీళ్ళు డప్పు కొట్టం అన్నారు, ఆదివారం పనికి రాం అన్నారు, చచ్చిన గొడ్డు మాంసం తినం అన్నారు. దానికి ఊరు వాళ్ళని బావి దగ్గరికి రానివ్వలేదు, పని ఇవ్వలేదు. బియ్యం కోసం మారినవాడు పని పోయే దారి ఎంచుకుంటాడా?

1950 రాష్ట్రపతి ఉత్తర్వు తర్వాత క్రైస్తవుడినని రాయించుకుంటే ఎస్సీ హోదా కూడా పోయింది, మనకి బీసీ-సీలో ఒక్క శాతం రిజర్వేషన్. అయినా చాలామంది రాయించుకున్నారు, మా తాత సహా. రాయించుకోని వాళ్ళూ ఉన్నారు, వాళ్ళని నేను ఒక్క మాట అనను.

నాస్తికరావు
ఇది నేను ఆలోచించని కోణం. థాంక్స్ అన్నా.

హూస్టన్_బాబాయ్
క్లౌ గురించి నాకు నచ్చే ముచ్చట చెప్తా. కుర్రాడప్పుడు ఆయనకి దేవుడంటే పడేది కాదు. కాలేజీ హాస్టల్లో గదివాడు ప్రార్థన చేస్తుంటే చిరాకేసి, గది మధ్యలో సుద్దముక్కతో గీత గీసి "నీ మతం ఆ పక్కనే పెట్టుకో" అన్నాడట. తర్వాత ఆ గీత ఆయనే దాటాడు.

ఇంకోటి. ఈ తెలుగు మిషన్‌ని అమెరికా బోర్డు రెండు మూడు సార్లు మూసేద్దామనుకుంది. పాతికేళ్ళు కష్టపడినా చేతివేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది విశ్వాసులు. 1862 ప్రాంతంలో ఆరోగ్యం పాడై నెల్లూరు నుంచి అమెరికా తిరిగొచ్చిన మిషనరీ జ్యువెట్ దొర "మీరు పంపకపోయినా నేను పోతా, అక్కడే చస్తా" అన్నాడు. సరే, నిన్ను క్రైస్తవ పద్ధతిలో పాతిపెట్టడానికైనా ఒక మనిషి కావాలి కదా అని బోర్డు కార్యదర్శి అన్నాడట. అలా 1865లో జ్యువెట్‌తో పాటు వచ్చిన మనిషే క్లౌ.

టీకొట్టు_తాతబ్బాయి
పాతిపెట్టడానికి వచ్చి నాటేసి పోయాడన్నమాట.

పాస్టరుకొడుకు_3
ఇది నేను వచ్చే ఆదివారం వాడేస్తున్నా. నా సొంతమని చెప్తా.

ప్రశ్నార్థకం
ఇంతకీ క్లౌ నా, క్లఫ్ నా, క్లో నా?

గుండ్లకమ్మ_గట్టు
ఒంగోల్లో క్లౌ. ఎవరైనా క్లఫ్ అంటే బస్టాండ్ నుంచి కొత్తగా దిగాడని అర్థం.

హూస్టన్_బాబాయ్
ఇక్కడ అమెరికాలో క్లఫ్ అంటారు. నేను క్లౌ అంటే మా అబ్బాయి ఇంగ్లీషు రాదంటాడు. ఒంగోల్లో మా బావమరిది తెలుగు రాదంటాడు.

నెల్లూరు_చేపలపులుసు
జ్యువెట్ దొర పేరు వచ్చింది కాబట్టి మా నెల్లూరు సంగతి చెప్పనివ్వండి. మిషన్ మొదలైంది 1836లో శామ్యూల్ డే దొరతో, నెల్లూరుకి 1840లో వచ్చింది. మీ ఒంగోలు అంతా తర్వాత.

1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు దగ్గర కొండెక్కి ప్రార్థన చేశారని అందరూ చెప్పుకుంటారు, అదే ప్రార్థన కొండ. పటాల్లో ఎప్పుడూ జ్యువెట్ దొర, దొరసాని. కానీ అక్కడ మోకరించింది అయిదుగురు. మిగతా ముగ్గురు తెలుగువాళ్ళే: క్రిస్టియన్ నర్సు, రూతు, మా నెల్లూరు జూలియా. (నర్సు అంటే ఆసుపత్రి నర్సు కాదు, మనిషి పేరు. మా చెల్లెలు పదేళ్ళు పొరబడింది.) నర్సు, రూతు, జూలియా పేర్లు మా సండేస్కూల్ పాఠంలో ఎప్పుడూ వినలేదు. దొరల పేర్లు మాత్రం పరీక్షలో వచ్చేవి.

పాతపుస్తకం
చేపలపులుసు గారు సరిగ్గా పట్టుకున్నారు. నా మనసులో ఉన్నది కూడా అదే. గుండ్లకమ్మలో నిలబడింది తెలుగు బోధకులు, కొండ మీద ముగ్గురు తెలుగువాళ్ళు. అసలు ఈ కథకి మొదలు కూడా తెలుగువాడే, ఎర్రగుంట్ల పేరయ్య.

పేరయ్యది ఒంగోలుకి పడమటగా తాళ్ళకొండపాడు. తోళ్ళ వ్యాపారం. దొరలెవరూ ఆ వైపు రాకముందే గురువుల వెంట తిరిగి, యోగం నేర్చుకుని, తానే కొందరికి గురువైనవాడు. చదువు రాదు. వ్యాపారానికి ఉత్తరాదికి పోయినప్పుడు క్రీస్తు సంగతి విన్నాడు. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు, భార్య నాగమ్మతో కలిసి. తర్వాత తన పాత శిష్యుల దగ్గరికే వెళ్ళాడు.

1867 జనవరి 1న ఒంగోలు సంఘం మొదలైనప్పుడు సభ్యులు ఎనిమిది మంది. అదే నెలలో పేరయ్య పిలిస్తే క్లౌ తాళ్ళకొండపాడు వెళ్ళి చింతతోపులో గుడారం వేశాడు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం మూటల్లో తిండి, మార్చుకోవడానికి బట్టలు తెచ్చుకుని సిద్ధంగా కూర్చున్నారు. కొన్ని రోజుల కూటాలయ్యాక 28 మందికి బాప్తిస్మం. క్లౌకి అప్పటికి తెలుగు ఎంత వచ్చి ఉంటుంది? ఇండియాకి వచ్చి రెండేళ్ళు కాలేదు. ఆ 28 మందిని సిద్ధం చేసింది పేరయ్య, నాగమ్మ.

మనకి పేరయ్య సంగతి ఇంతైనా తెలిసింది క్లౌ రెండో భార్య ఎమ్మా దొరసాని వల్ల. పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని విని 1899లో పుస్తకం వేసింది. మనం మన ముసలమ్మల్ని అడిగి రాసుకోలేదు.

సండేస్కూల్_అక్క
ఇది చదివాక నా కాగితం అంతా కొట్టేసి మళ్ళీ రాస్తున్నాను.

డోర్నకల్_జంక్షన్
ఒంగోలు వాళ్ళు మైకు వదలరు. మా డోర్నకల్ అజరయ్యగారి సంగతేంటి? తెల్లదొర అవసరం లేకుండా నడిపించినాయన. తిరునెల్వేలి తమిళుడు, 1909లో మన దగ్గరికొచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్. ఎడ్లబండి మీద, సైకిల్ మీద ఊళ్ళు తిరిగేవాడు.

బాప్తిస్మం తీసుకున్నవాళ్ళతో తల మీద చెయ్యి పెట్టించి "సువార్త ప్రకటింపకపోతే నాకు శ్రమ" అనిపించేవాడు. అంటే కొత్తగా వచ్చిన కూలివాడు కూడా ఆ రోజు నుంచే బోధకుడు. బోధకుల కొరత ఆయన అలా తీర్చాడు.

1910లో ఎడిన్‌బరో మహాసభలో దొరల ముఖం మీదే చెప్పాడు: మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు కావలసింది స్నేహితులు అని. మా కెథీడ్రల్ చూడండి, 1939లో ప్రతిష్ఠ అయింది. గుమ్మటాలు మసీదులా, స్తంభాలు గుడిలా ఉంటాయి. మొదటిసారి చూసిన మా కోడలు "ఇది ఏ మతం మామయ్యా" అంది.

గుంటూరు_కారప్పొడి
మా లూథరన్ల మిషనరీ హయ్యరు తాత కూడా లెక్కలోకి రావాలి. 1842లో గుంటూరు వచ్చాడు. మధ్యలో అమెరికా వెళ్ళి యాభై దాటిన వయసులో డాక్టరు చదువు పూర్తి చేసుకుని తిరిగొచ్చాడు. 1869లో రాజమండ్రి మిషన్‌ని వేరేవాళ్ళకి అప్పగించేద్దామని అమెరికా సభలో అనుకుంటుంటే, డెబ్బై అయిదు దాటిన ముసలాయన లేచి నేను వెళ్తానన్నాడు. వెళ్ళాడు. ఆ వయసులో మా నాన్న గుంటూరు నుంచి తెనాలి రమ్మంటే ఏసీ బస్సేనా అని అడిగాడు.

ముషీరాబాద్_తమ్ముడు
హైదరాబాద్ వాళ్ళకి చోటుందా? బోధకుడు భక్త్ సింగ్ గారి ప్రార్థనా మందిరం హెబ్రోను మా ఇంటి నుంచి నడిచేంత దూరం. పంజాబ్ సిక్కు కుటుంబం. కుర్రాడప్పుడు ఎవరో ఇచ్చిన బైబిల్ అట్ట బాగుందని అట్ట ఉంచుకుని కాగితాలు చింపేశాడు. తర్వాత ఇంజనీరింగ్ చదువుకి లండన్, కెనడా. 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం, మరుసటి ఏడు ఇండియా.

నాకు గుర్తున్నవి ప్రసంగాలు కాదు, చాపలు. పరిశుద్ధ సమావేశాల్లో కలెక్టరైనా రిక్షావాడైనా చాప మీద పక్కపక్కన కూర్చుని తినాలి. నా పక్కన కూర్చున్న తెల్లచొక్కా ఆయన నా విస్తట్లో సాంబారు ఒలికించి సారీ బ్రదర్ అన్నాడు. ఆయన పెద్ద ఆఫీసరని తర్వాత తెలిసింది. నాకు అప్పుడు ఎనిమిదేళ్ళు, నన్ను బ్రదర్ అన్న మొదటి పెద్దమనిషి. 2000 సెప్టెంబరు 17న భక్త్ సింగ్ గారు పోయారు. ఆ రోజుల్లో గోల్కొండ చౌరస్తా చుట్టూ జనమే జనం.

టీకొట్టు_తాతబ్బాయి
టాపిక్ గుండ్లకమ్మలో మునిగింది, మూసీలో తేలింది.

లెక్కలమాస్టారు
ఇంకా దూరం తీసుకెళ్తా, కానీ లెక్కే.

జార్జ్ వైట్‌ఫీల్డ్ అని 18వ శతాబ్దపు ఇంగ్లాండు బోధకుడు, ఆరుబయట వేలమందికి ప్రసంగించేవాడని పత్రికల్లో వచ్చేది. అబద్ధం అనుకున్నాడు బెంజమిన్ ఫ్రాంక్లిన్. ఫిలడెల్ఫియాలో ఆయన మాట్లాడుతుంటే, గొంతు వినపడనంత దూరం దాకా వీధిలో వెనక్కి నడిచాడు. ఆ దూరాన్ని వ్యాసార్ధంగా అర్ధవృత్తం గీసి, మనిషికి రెండు చదరపు అడుగులు వేసి చూస్తే 30 వేల మందికి పైగా వినొచ్చని తేలింది. మైకు లేదు, స్పీకర్ లేదు. ఫ్రాంక్లిన్ ఆయన బోధ ఒప్పుకోలేదు, కానీ లెక్క ఒప్పుకున్నాడు. మీ తొమ్మిదో తరగతి వాడికి ఇది చెప్పండి అక్కా, వాడు ఫ్రాంక్లిన్ జాతి.

ఇంకో ముచ్చట: ఒక ప్రసంగంలో పైసా ఇవ్వనని ఒట్టు పెట్టుకుని కూర్చున్న ఫ్రాంక్లిన్, వింటూ వింటూ ముందు రాగి డబ్బులిద్దామనుకుని, తర్వాత వెండి అనుకుని, చివరికి జేబులో బంగారంతో సహా పళ్ళెంలో ఖాళీ చేశాడు.

మాదిగపల్లె_మాస్టర్స్
ఆ వైట్‌ఫీల్డే జార్జియాలో బానిసత్వాన్ని చట్టబద్ధం చేయమని అడిగాడు మాస్టారూ. బానిసల్ని కొన్నాడు, తన అనాథాశ్రమానికే. అది కూడా పిల్లలకి చెప్పాలి.

లెక్కలమాస్టారు
నిజమే. 1751లో అక్కడ అనుమతి వచ్చింది, ఆయన సంతోషించాడు కూడా. చెప్పాలి.

ఏలూరు_లాకులు
ఇలా మరకలు వెతుక్కుంటూ పోతే ఎవరు మిగులుతారు? పెద్దల గురించి మంచి చెప్పుకుంటే చాలదా? పిల్లలకి విశ్వాసం కావాలి, అనుమానం కాదు.

మాదిగపల్లె_మాస్టర్స్
పిల్లలు ఎలాగూ ఫోన్లో వెతుకుతారు అన్నా. మన దగ్గర విననిది అక్కడ చదివితే మననే అబద్ధాలకోరులంటారు. మా ఊళ్ళో ఇప్పటికీ ఒకే వాక్యం చదివే రెండు పేటలకి రెండు చర్చిలు. ఎందుకో పిల్లలకి తెలీదనుకుంటున్నారా?

ఏలూరు_లాకులు
రెండు చర్చిల మాట మాత్రం నిజం. మా దగ్గర సమాధుల తోట కూడా రెండు. నాన్నగారిని పెట్టినప్పుడు ఆ గోడ చూసి మా అమ్మ ఏడ్చింది. నాన్న కోసం కాదు, గోడ చూసి.

నాస్తికరావు
ఆ గోడ ఉన్నంత కాలం నేను వాదించాల్సింది మీతో కాదు అనిపిస్తోంది.

పాతపుస్తకం
క్లౌకి కూడా ఈ గోడ ఎదురైంది. ఒంగోల్లో పై కులాల పిల్లలకి బడి పెట్టాడు, పెద్దింటి వాళ్ళు దగ్గరయ్యారు. మాదిగ పిల్లలు చేరడంతో వీళ్ళు వెళ్ళిపోతామన్నారు. ఏం చేయాలో తోచక దొర, దొరసాని వేర్వేరు గదుల్లో ప్రార్థన చేసుకుంటుంటే ఇద్దరికీ మొదటి కొరింథీయులలో ఒకటే చోటు తెరుచుకుందట, "జ్ఞానులైనను, ఘనులైనను అనేకులు పిలువబడలేదు" అనే చోటు. మాదిగ పిల్లల్ని ఉంచారు, మిగతావాళ్ళు వెళ్ళిపోయారు. కథ ఎంత సాఫీగా ఉన్నా, నిర్ణయం మాత్రం ఖరీదైనది. పెద్ద కులాల తలుపు చాలా ఏళ్ళు మూసుకుపోయింది.

సండేస్కూల్_అక్క
ఆదివారం అయిపోయింది, అప్‌డేట్ ఇస్తున్నా.

ముందు పిల్లాణ్ణి నిలబెట్టి "నీ ప్రశ్న మంచిది, నేను చెప్పింది తప్పు" అన్నాను. బోర్డు మీద 28,800ని రెండుతో గుణించి 2,222తో వాడి చేతే భాగించాను. 26 అని రాగానే వాడి ముఖం చూడాలి. తర్వాత పేరయ్య, నాగమ్మ, నర్సు, రూతు, జూలియా. జూలియా పేరు విని వెనక బెంచీ అమ్మాయి "నా పేరే!" అని అరిచింది. కాలువ తవ్వకం చెప్తుంటే అరుగు మీద కూర్చున్న ముసలమ్మ ఒకావిడ, ఎప్పుడూ నోరు విప్పనావిడ, "మా నాయనమ్మ మట్టి మోసిందంట ఆ కాలవకి" అంది. పదేళ్ళుగా చూస్తున్నా ఆవిణ్ణి, ఎప్పుడూ అడగలేదు.

గదమాయించిన పెద్దాయన చివర్లో దగ్గరికొచ్చి "26 సెకన్లా... అయితే కుర్రాడు కరెక్టే అడిగాడన్నమాట" అని గొణిగి వెళ్ళిపోయారు. మా సంఘంలో దీన్ని క్షమాపణ కింద లెక్క.

పాతపుస్తకం
ఆ ముసలమ్మ దగ్గరికి ఫోన్ పట్టుకెళ్ళి రికార్డు చేయండి అక్కా. ఈ వారమే.

సండేస్కూల్_అక్క
బుధవారం వెళ్తున్నా. వక్క తెమ్మంది. ఆ పిల్లాడు కూడా వస్తానన్నాడు, వాడిదే ఫోన్.

వాడు ఇంకోటి కూడా అడిగాడు, వెల్లంపల్లి వెళ్ళి నది చూద్దామా అని. పిల్లలు పద్దెనిమిది మంది. గుండ్లకమ్మ గట్టు గారూ, నీళ్ళుంటాయా?

గుండ్లకమ్మ_గట్టు
వానల తర్వాత రండి. వేసవిలో వస్తే ఇసుక చూసి వెళ్ళాలి. బండి కావాలంటే మా తమ్ముడికి చెప్తా, పద్దెనిమిది మందికి ఒక టాటా ఏస్ చాలదు, రెండు కావాలి.

లెక్కలమాస్టారు
బండికి తొమ్మిది మంది.

టీకొట్టు_తాతబ్బాయి
పులిహోర నాది. నీళ్ళ దగ్గర మాత్రం వాడి ఫోన్ ఎవరైనా పట్టుకోండి.